వేన్నీళ్ళ తొట్టి ఎదుట అల్డిస్ ఓటు

చలి సముద్రం ఒడ్డున ఉన్న మా సెల్‌వీక్‌లో ఉండేది రెండువందల నలభై మంది. ఎవరింట్లో ఏ పూట ఏం ఉడికిందో, ఎవరి మోకాలికి ఎప్పుడు ఆపరేషన్ అయిందో, ఎవరి గొర్రె ఎవరి పచ్చికలో పడి మేసిందో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. అల్డిస్ ఓటు ఎవరికి?

నలభై ఏడేళ్ళుగా వేస్తోంది మహాతల్లి. ఒక్కసారీ మానలేదు, ఒక్కరికీ చెప్పలేదు. కట్టుకున్న మొగుడు ఎబ్బికే తెలియదంటే ఇక మీకూ నాకూ ఏం తెలుస్తుంది!

చెప్పకపోతే పోనీ, పోల్చుకోవడానికైనా ఆధారం ఉండాలి కదా. అదీ దొరకనివ్వదు. ఎన్నికల రోజున మా దగ్గర పార్టీలన్నీ తలో చోటా కాఫీ పెడతాయి. ఎవరైనా వెళ్ళొచ్చు, ఎంతైనా తినొచ్చు. నీలం జెండా వాళ్ళకి క్రీము పెట్టి మడిచిన పల్చటి తియ్యట్లు, పచ్చజెండా వాళ్ళకి రుబార్బ్ అనే పుల్లటి కాడల జామ్ పూసిన ఏడు పొరల కేకు, ఎర్రజెండా వాళ్ళకి రొయ్యలు పేర్చిన బ్రెడ్డు కేకు, అన్నీ అల్డిస్ చేతివే. మూడు పార్టీల వాళ్ళూ తిని, మూతులు తుడుచుకుని, "అల్డిస్ మనదే" అనుకుంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, అలాంటి చోట కప్పకీ పాముకీ చెరో ముక్కా కోసిపెట్టి నవ్వుతూ నిలబడగల మనిషి. ఒకసారి ఆవిడ స్నేహితురాలు పెట్రీనా, వెన్న ఎక్కడ ఎక్కువ పడిందో చూస్తే ఓటెక్కడో తేలిపోతుందని మూడు చోట్లా కూచుని తింది. ఓటు సంగతి తేలలేదు గానీ పాపం రెండు రోజులు మంచం దిగలేదు.

అల్డిస్‌ది మంచి ఎముక పుష్టి. చేపల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు నిలబడి ముళ్ళు తీసిన చేతులు. చర్చి పాటల్లో కింది స్థాయి గొంతు ఆవిడదే. ఒక్కటే లోపం, నవ్వు. నవ్వకూడని చోటే వస్తుంది. ముందు భుజాలు కదుల్తాయి, తర్వాత ముక్కు ఎర్రబడుతుంది, ఆ తర్వాత ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. సొంత పెళ్ళిలో పాస్టరు గారు రెండుసార్లు మొదటికొచ్చి చదవాల్సి వచ్చింది.

అంత నవ్వే మనిషికి ఓటు దగ్గర అంత గుట్టెందుకో చెబుతాను. అల్డిస్‌కి ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఊరి కొట్లో, కాఫీ గింజలు తూయించుకుంటూ, తన ఓటు ఎవరికేశాడో పైకి అనేశాడు. ఆ రోజుల్లో పొద్దున్నే రేవులో మగవాళ్ళు వరుసగా నిలబడితే ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చి "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపించేవాడు. వేలు చూపిస్తే ఆ రోజుకి పని ఉన్నట్టు. కొట్లో అన్న మాట సాయంత్రానికల్లా మేస్త్రీ చెవిన పడింది. ఎవరు మోశారో ఊళ్ళో ఎవరూ తేల్చలేదు. ఆ చలికాలమంతా ఆ వేలు వాళ్ళ నాన్నని దాటుకుంటూ పోయింది. ఇంట్లో ఎండు చేపల తలకాయలు తప్ప మరొకటి ఉడకలేదు. వాళ్ళమ్మ ఆ తలకాయలు వడ్డిస్తూ పిల్లలకి చెప్పింది. "ఓటు నోట్లోకొస్తే కూడు నోట్లోంచి పోతుంది. గుర్తుపెట్టుకోండి. అలాగని మానేశారో, మేస్త్రీ గెలిచినట్టే."

ఆ మేస్త్రీ ఎవరో కాదు, పెట్రీనా వాళ్ళ నాన్న. అల్డిస్, పెట్రీనా బళ్ళో ఒకే బల్ల, ఫ్యాక్టరీలో పక్కపక్క కత్తులు, చర్చిలో ఒకే వరుస, ఈతకొలనులో ఒకే తొట్టి. అరవై ఏళ్ళలో ఆ ఒక్క సంగతి ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. మిగతా సంగతులన్నీ వచ్చాయి, ఎందుకంటే పెట్రీనా నోట్లో నువ్వుగింజ నానదు.

ఇక కరోనా రెండో ఏడు, సెప్టెంబరు. శనివారం పార్లమెంటు ఎన్నికలు. దానికి ముందు ఆదివారం కొండ మీంచి గొర్రెలు దిగాయి. వాటిని దొడ్లో వేసి ఎవరివి వాళ్ళు వేరు చేసుకునే పండగ అది. ఈసారి అందరూ ఎంత జాగ్రత్తగా ఉన్నారంటే, చూసి ముచ్చటపడాలి. మాస్కులు, చేతులకి మందు, మనిషికీ మనిషికీ రెండు మీటర్ల ఎడం. గొర్రెలకి తప్ప ఎవరికీ ఎవరూ తగల్లేదు. అంతా అయ్యాక, అలవాటు ప్రకారం గుండ్రంగా నిలబడి పాటందుకున్నారు. పాట వచ్చాక సీసా రాకుండా ఎలా ఉంటుంది? జేబులోంచి సీసా తీసి ఒక గుక్క తాగి, మూతి అరచేత్తో తుడిచి, పక్కవాళ్ళకి అందించడం. తుడిచి ఇచ్చామంటే శుభ్రంగా ఇచ్చినట్టే అనుకునే జాతి మాది.

పక్క ఊరి నుంచి వచ్చిన ఒకాయన, గొంతు గంట కొట్టినట్టుంటుంది, ఆయన తాగి అల్డిస్‌కిచ్చాడు. ఆవిడ తర్వాత మరెవరూ తాగలేదు. జాగ్రత్త వల్ల కాదు, ఆవిడ ఖాళీ చేసేసింది కాబట్టి. మంగళవారం ఫోనొచ్చింది. ఆయనకి కరోనా. సీసా పంచుకున్నవాళ్ళు సోమవారం దాకా ఇల్లు కదలకూడదు.

సీసా పంచుకున్నది ఆవిడొక్కతే. ఎబ్బి ఆ రోజు సముద్రం మీద ఉన్నాడు. ఒకే ఇంట్లో ఉంటే నువ్వూ గడప దాటకూడదన్నారని పరుపు చుట్టుకుని పడవల షెడ్డుకి మారిపోయాడు. ఏదైనా మాట్లాడాలంటే వంటింటి కిటికీ అవతల నిలబడతాడు.

గురువారం హ్యాల్మార్ ఫోన్ చేశాడు. రేవులో చేపలు తూచే మనిషి. అల్డిస్‌తో కలిసి చదువుకున్నవాడు. ఎన్నికలప్పుడు జిల్లా అధికారి తరఫున ఊళ్ళో ముందస్తు ఓట్లు తీసుకునేదీ అతనే.

"అల్డిస్, నీ ఓటు రేపు మూడింటికి తీసుకుంటా. రూల్సు చదువుతా విను. కార్లో ఒక్కదానివే రావాలి. తలుపు తియ్యకూడదు, అద్దం దించకూడదు. నీక్కావలసిన పార్టీకి గుర్తుగా ఉన్న అక్షరం కాగితం మీద పెద్దగా రాసి అద్దానికి ఆనించి నాకు చూపించాలి. నేను బ్యాలెట్ మీద అదే అక్షరం రాసి నీకు చూపిస్తా. నువ్వు తలూపాక కవర్లో పెట్టి అంటిస్తా. నా నోరు దాటదు. ప్రమాణం చేశా."

"నీ నోటి సంగతి నాకు తెలుసులే. బడి కిటికీ పగలగొట్టింది నేనని ఇప్పటికీ చెప్పలేదు నువ్వు. ఎక్కడికి రావాలి?"

అటు నుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"హ్యాల్మార్, ఎక్కడికి?"

"ఈతకొలను కింద. కార్లు పెట్టుకునే చోట."

"నీ బుర్ర పనిచేస్తోందా?"

ఆవిడ కేకలో తప్పులేదు. మా ఈతకొలను కొండవాలు మీద ఉంది. ఒక చివర, కటకటాల పక్కనే వేన్నీళ్ళ తొట్టి. అందులో గొంతుదాకా మునిగి కూచుంటే కింద కార్లు పెట్టే చోటు కంచంలో వడ్డించినట్టు కనిపిస్తుంది. ఊరి రచ్చబండ అంటే అదే. పెళ్ళిళ్ళు అక్కడే కుదురుతాయి, మనుషులు అక్కడే చెడతారు.

"వేరే చోటు దొరకలేదూ?"

"చర్చి దగ్గర గాలికి కారే ఎగిరిపోతుంది. రేవులో శుక్రవారం చేపలు దించుతారు. పైవాళ్ళు మ్యాపులో గుర్తు పెట్టేసి నారింజ రంగు గుంజలు కూడా పంపారు. నేనేం చెయ్యను చెప్పు?"

ఫోన్ పెట్టేసి అల్డిస్ వంటింట్లో కూలబడింది. కిటికీ అవతల ఎబ్బి అంతా విన్నాడు.

"ఈ ఒక్కసారికీ మానెయ్యరాదూ?" అన్నాడు. "నలభై ఏడేళ్ళు వేశావు. కొంపలేం మునగవు."

"మానేస్తే ఎవరు గెలిచినట్టో తెలుసా నీకు?"

"ఎవరు?"

"నీకు తెలీదులే. వెళ్ళి నీ వలలు చూసుకో."

"పోనీ ఓ పని చెయ్యి. నాకు చెప్పు. నేను వెళ్ళి హ్యాల్మార్ చెవిలో..."

"అబ్బ! ఎంత తెలివో! నలభై నాలుగేళ్ళ నుంచి ఈ అవకాశం కోసమే కాచుక్కూచున్నావు కదూ?"

ఎబ్బి చెవులు ఎర్రబడ్డాయి. షెడ్డు వైపు నడిచాడు.

సాయంత్రం పెట్రీనా ఫోన్. ఎవరు చెప్పారని అడక్కండి.

"అల్డిసూ! రేపు మూడింటికటగా?"

"నీకెందుకు?"

"నాకెందుకేమిటే! నేను రెండున్నరకే వెళ్ళి తొట్టిలో చోటు పట్టుకుంటున్నా. ఎనిమిది మందినే దిగనిస్తున్నారు ఈ రోగం పుణ్యమా అని. మా ఆయన పక్షుల్ని చూసే దుర్భిణి తుడిచి పెట్టా."

"సిగ్గులేదే నీకు?"

"ఉంటే ఇన్నాళ్ళూ నీతో స్నేహం చేసేదాన్నా?"

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టాక మాత్రం అల్డిస్‌కి నవ్వు రాలేదు. ఈ రోజుల్లో ఓటు తెలిస్తే ఎవరూ కూడు లాక్కోరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా రేవులో నిలబడి ఆ వేలు తనని దాటిపోతుంటే చూస్తున్న నాన్న ముఖం కళ్ళముందుకొచ్చింది. వెయ్యకుండా ఉండలేదు, చూపించలేదు. తెల్లవార్లూ అటూ ఇటూ పొర్లింది.

శుక్రవారం పొద్దున్న ఒక ఉపాయం తట్టింది. వంటింటి పూల కర్టెన్లు ఊడదీసి, బట్టల క్లిప్పులతో జీపు అద్దాలకి లోపల కట్టేసింది. హ్యాల్మార్ నిలబడే వైపు మాత్రం అరచేతి మేర ఖాళీ. ఎర్ర జీపు కాస్తా పెళ్ళిపందిరిలా తయారైంది. దాన్ని తోలుకుంటూ మూడింటికి ఐదు నిమిషాలుండగా నారింజ గుంజల మధ్య ఆపింది.

హ్యాల్మార్ అప్పటికే ఉన్నాడు. తెల్లటి తొడుగు, మాస్కు, మీద ప్లాస్టిక్ ముసుగు, చేతులకి గ్లౌజులు. గాలికి పోకుండా సామాన్ల పెట్టెని నడుముకి తాడుతో కట్టుకున్నాడు. పెట్టె ఒక పక్కకి, అతనొక పక్కకి ఊగుతున్నారు. జీపుని చూసి తల అడ్డంగా ఊపాడు. అద్దం దగ్గరికొచ్చి అరిచాడు.

"తీసెయ్! లోపల ఒక్కదానివే ఉన్నావని నాకు కనబడాలి! అన్ని అద్దాలూ!"

"నేనొక్కదాన్నే ఉన్నా!"

"కనబడాలని రూలు!"

చేసేదేముంది? ఒక్కొక్క క్లిప్పే తీసింది. ఒక్కొక్క పువ్వూ జారుతుంటే పైన కటకటాల వెనక ఊరు కనిపించింది. తొట్టిలో ఎనిమిది తలలు. చుట్టూ తువ్వాళ్ళు కప్పుకుని వణుకుతూ వంతు కోసం నిలబడ్డవాళ్ళు ఇంకో ఇరవై మంది, వాళ్ళలోనూ రెండేసి మీటర్ల ఎడం! మధ్యలో ఎర్ర స్నానపు టోపీ. దాని కింద తళుక్కుమంటున్న దుర్భిణి.

ఎబ్బి కూడా ఉన్నాడండీ. అడ్డం పెడదామనుకున్నాడో ఏమో, దూరంగా పెద్ద టార్పాలిన్ పట్టుకుని గాలితో కుస్తీ పడుతున్నాడు. టార్పాలినే గెలిచింది. అతన్ని నెత్తిమీంచి కాళ్ళదాకా చుట్టేసింది. లోపల్నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి అల్డిస్‌కి ధైర్యం చెబుతున్నట్టు ఊగింది.

అంతే. అల్డిస్ భుజాలు కదిలాయి.

వద్దు, ఇప్పుడొద్దు అనుకుంది. ముక్కు ఎర్రబడింది. మూసిన జీపులో ఆ నవ్వు ఎటు పోతుంది? అద్దాలన్నిటికీ ఆవిరి పట్టింది. కాలెండర్ కాగితం వెనక రాసుకొచ్చిన అక్షరాన్ని అద్దానికి ఆనించింది. హ్యాల్మార్ వంగి చూశాడు. అతని ముసుక్కీ ఆవిరే. ఒక పొగమంచులోంచి ఇంకో పొగమంచులోకి చూసి, ఏం కనబడిందో ఏమో, బ్యాలెట్ మీద ఒక అక్షరం రాసి చూపించాడు.

అది కాదు! అల్డిస్ తల అడ్డంగా ఊపింది, ఊపాక గానీ తెలియలేదు ఎంత తప్పు చేసిందో.

"అది కాదట!" పైన పెట్రీనా గొంతు. ఆ గొంతుకి గాలీ అడ్డు కాదు, గాజూ అడ్డు కాదు. "మొదట రాసింది కాదట! వేలు ఎలా తిరిగిందో చూశారా ఎవరైనా?"

"గుండ్రంగా తిరిగింది!"

"కాదు, నిలువుగా గీశాడు!"

"మోచెయ్యి చూడండి, వేలు కాదు!"

అల్డిస్ నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఒక్కొక్క తప్పూ ఒక్కొక్క పార్టీని కొట్టేస్తుంది. రెండు తప్పులైతే లెక్క తేలిపోయినట్టే. మెడలోని ఉన్ని గుడ్డ లాగి అద్దం బరబరా తుడిచింది. ఊపిరి బిగబట్టింది. కాగితం మళ్ళీ ఆనించింది. హ్యాల్మార్ ముసుగు ఎత్తి చూశాడు. ఈసారి కనబడింది. నలభై ఏడేళ్ళలో ఒక మనిషి అల్డిస్ ఓటు చూడటం అదే మొదలు. అతని కళ్ళలో రెప్పపాటు మార్పు కూడా లేదు. చేప బరువు చూసి రాసుకునేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

మొదటి కాగితం చింపి పెట్టెలో వేశాడు. తొట్టికి వీపు పెట్టి, మోచెయ్యి పొట్టకి అదిమి, రెండో బ్యాలెట్ మీద రాశాడు. చూపించాడు. సరిగ్గా ఉంది. అల్డిస్ తలూపింది. హమ్మయ్య అనుకుంది.

ఆ హమ్మయ్య కాస్త తొందరపడింది. గ్లౌజు వేళ్ళకి కవరు నోరు తెరుచుకోలేదు. రెండు చేతులూ కావలసి వచ్చి, హ్యాల్మార్ బ్యాలెట్‌ని చంకలో పెట్టుకున్నాడు. సముద్రం వైపు నుంచి ఒక గాలి విసురు వచ్చింది.

కాగితం లేచింది. హ్యాల్మార్ ఎగిరాడు, నడుముకున్న పెట్టె కిందికి లాగింది. కాగితం జీపు మీంచి, గుంజల మీంచి, టార్పాలిన్‌లోంచి అప్పుడే తల బయటపెట్టిన ఎబ్బి మీంచి వాలెక్కి, కటకటాలు దాటి, తొట్టి ఆవిరిలోకి దూరింది. నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచి దాన్ని అందుకుంది.

పెట్రీనా చెయ్యి.

అల్డిస్‌కి భయం వేసింది. మాటలు కాదు, నిజమైన భయం, ఏడేళ్ళప్పటిది. చెయ్యి తలుపు పిడి మీదకి పోయింది. తియ్యకూడదు. తీస్తే ఓటు పోతుంది, అక్కడ తడిసి నిలబడ్డ ముసలీ ముతకా మీదకి రోగం మోసుకెళ్ళినట్టవుతుంది. పిడి పట్టుకుని అలాగే కూచుంది.

"చదువు!" పైన కేకలు. "చదవవే పెట్రీనా! ఏ అక్షరం?"

పెట్రీనా కాగితాన్ని ముఖానికెదురుగా పట్టుకుని ఉంది. అల్డిస్‌కి దూరం నుంచి ఎర్ర టోపీ, తెల్ల కాగితం కనిపిస్తున్నాయి. కాగితం కొంచెం పక్కకి జరిగింది. దాని వెనక ముఖం, ముఖంలో కళ్ళు. ఆ కళ్ళు, చేదు మందు మింగే పిల్లలా, గట్టిగా మూసుకుని ఉన్నాయి.

మరుక్షణం చెయ్యి భుజందాకా నీళ్ళలోకి దిగింది. అక్కడ ఏదో గుడ్డ ఉతికినట్టు పిసికింది.

"అయ్యో! అయ్యయ్యో! ఇంకు కారిపోతోందే!"

"కారనీ!" అని పెట్రీనా నీళ్ళలోంచి లేచింది. అరవై ఏడేళ్ళ మనిషి, స్నానపు దుస్తుల్లో, సెప్టెంబరు గాలిలో, ఒళ్ళంతా పొగలు కక్కుతూ తొట్టి గట్టు మీద నిలబడింది. "అందరూ కొండ వైపు తిరగండి! అందరూ! ఇటు చూసినవాడి దుర్భిణి సముద్రంలో పారేస్తా!"

"దుర్భిణి నీదే కదే!"

"నాదైతే ఏం? ముందు అదే పారేస్తా. తిరగండి!"

తిరిగారు. గొణుక్కుంటూ తిరిగారు, వణుకుతూ తిరిగారు. వేన్నీళ్ళకి ఎర్రబడ్డ వీపులు, తువ్వాళ్ళ వీపులు, వరసగా ఇరవై ఎనిమిది. చివర ఎర్ర టోపీ కూడా తిరిగింది. కింద ఎబ్బి, అతనికెవరూ చెప్పలేదు, టార్పాలిన్ భుజాన వేసుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

హ్యాల్మార్ మూడో బ్యాలెట్ తీశాడు. అల్డిస్ అద్దం తుడిచి కాగితం ఆనించింది. ఏ తొందరా లేదు. ఎంతసేపు పట్టుకున్నా చూసేవాడు లేడు. అతను రాశాడు, చూపించాడు, ఈసారి ముందే తెరిచి పెట్టుకున్న కవర్లో పెట్టి, అంటించి, దాన్ని తొడుగు లోపల గుండెల దగ్గర దోపుకున్నాడు. అల్డిస్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. అద్దాలకి మళ్ళీ ఆవిరి పట్టింది.

తర్వాత హ్యాల్మార్ వాలెక్కి వెళ్ళి, పెట్రీనా గుప్పిట్లోని తడి ముద్దని తీసుకుని, "చెల్లదు" అని ప్రకటించి పెట్టెలో వేసుకున్నాడట. అది తెలిసిందే కదా, పైకి అనాలని రూలు ఉండి ఉంటుంది.

శనివారం ఎన్నికలు అయ్యాయి. మూడు చోట్లా కాఫీ పెట్టారు. అల్డిస్ కేకు లేదు, అట్టు లేదు, మూడు పార్టీల వాళ్ళూ కొట్లో కొన్న బిస్కెట్లు నములుతూ ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకున్నారని ఎబ్బి కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు. అంత ఐకమత్యం ఏ ఎన్నికల్లోనూ చూడలేదట.

మధ్యాహ్నం పెట్రీనా వచ్చింది. మాస్కు పెట్టుకుని, ఒక పళ్ళెం కిటికీ పక్క మెట్టు మీద పెట్టి, వెనక్కి రెండు మీటర్లు కొలుచుకుని నిలబడింది. అల్డిస్ వంటింటి కిటికీ తెరిచింది. కర్టెన్లు ఇంకా కట్టలేదు.

"జలుబు చేసిందా?" అంది అల్డిస్.

"చెయ్యకేం? ముక్కు కాదు, పంపు."

"చూశావా?"

"లేదు."

"నిజంగా?"

"నా సంగతి నీకు తెలీదూ? చూసుంటే ఈపాటికి పక్క ఊరి గొర్రెలకి కూడా తెలిసేది."

"మరెందుకు చూడలేదే? నలభై ఏడేళ్ళు చచ్చిపోయావు దాని కోసం. చేతికే వచ్చింది."

"చూసేస్తే రేపట్నుంచి తొట్టిలో కూచుని ఏం మాట్లాడుకోవాలి?"

ఇద్దరూ నవ్వారు. అల్డిస్ కళ్ళు తుడుచుకుంది. పెట్రీనా మాత్రం నవ్వు ఆపి కాళ్ళకింద కంకర చూస్తూ నిలబడిపోయింది. మాస్కు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది.

"ఆ రోజు కొట్లో ఉన్నది మా నాన్న కాదే," అంది. "నేను. నల్ల మిఠాయి కొనుక్కుంటున్నా. మీ నాన్న అన్నది విన్నా. పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి చెప్పా. కొత్త సంగతి తెచ్చానని మా నాన్న నన్ను ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. ఏడేళ్ళే నాకు. చెప్తే ఏమవుతుందో తెలీదు. తర్వాత తెలిసింది. మీ ఇంట్లో తలకాయలు ఉడుకుతున్న వాసన వచ్చినప్పుడల్లా తెలిసేది. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. ఊళ్ళో సంగతులన్నీ చెప్పే ఈ నోటికి, ఇదొక్కటీ రాలేదు."

అల్డిస్ కిటికీ అంచు మీద మోచేతులు ఆనించింది.

"నాకు తెలుసే," అంది.

పెట్రీనా తలెత్తింది.

"ఆ రోజు నాన్న చెయ్యి పట్టుకుని నేనూ ఉన్నా కొట్లో. నువ్వు పరిగెత్తడం చూశా. మిఠాయి పొట్లం గడప మీద పడేసుకుంటూ పోయావు. ఏరుకుని నేనే తినేశా."

పెట్రీనా నోరు తెరిచింది. మాస్కు లోపలికి పోయింది.

"అరవై ఏళ్ళు! ఒక్క మాట అనలేదేమే!"

"అంటే రేపట్నుంచి నీతో ఏం మాట్లాడుకోవాలి?"

పెట్రీనా రెండు మీటర్ల అవతల, నడిబాటలో నిలబడి ఏడ్చేసింది. వెళ్ళి పట్టుకోవడానికి లేదు. అల్డిస్ చెయ్యి చాచి మెట్టు మీది పళ్ళెం అందుకుంది. ఒక అట్టు మడిచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది.

"ఏ పార్టీ వాళ్ళు చేశారే ఇవి? పడవకి అతుకెయ్యొచ్చు."

"నేనే చేశా," అంది పెట్రీనా వెక్కుతూ.

అల్డిస్ భుజాలు కదిలాయి. ముక్కు ఎర్రబడింది. పడవల షెడ్డులోంచి ఎబ్బి తల బయటపెట్టి, కిటికీలో ఒకావిడ, బాటలో ఒకావిడ పొట్టలు పట్టుకుని నవ్వడం చూసి, ఏమైందని అడిగాడు. ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.